పోటు వచ్చేదాకా కూర్చుందాం



ఈ నెల మీతో బురద గూర్చి మాట్లాడాలని ఉంది. నవ్వుకోకండి. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి బురద కొత్తేమీ కాదు. అయితే ఊడ్పుల బురద వేరు, పర్ర బురద వేరు. ఊడ్పుల బురదలో మన అన్నం పండుతుంది. కోడూరు దాటి హంసలదీవి వైపు, నాగాయలంక దాటి ఎదురుమొండి వైపు వెళితే సముద్రం పోటుకు మునిగి, పాటుకు తేలే ఉప్పు పర్రలు కనిపిస్తాయి. వాటిలో ఏం పుడుతుందని చిన్నప్పుడు నన్నెవరైనా అడిగి ఉంటే, దోమలు అని చెప్పి ఉండేవాడిని.

సార్వా వరి పొట్టమీద ఉండే రోజుల్లో, వానలు కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, ఒక్కసారి వేకువనే ఆ పర్ర గట్టు మీద నిలబడి చూడండి. మొదట బురద తప్ప ఏమీ కనిపించదు. కళ్లు అలవాటు పడిన కొద్దీ ఆ బురద కదులుతున్నట్టుగా ఉంటుంది. అవి పిట్టలు. వందలుగా ఉంటాయి. బురద రంగులోనే ఉంటాయి, గబగబా నాలుగడుగులు వేసి ముక్కు దింపి, మళ్లీ నాలుగడుగులు వేస్తాయి. మనవాళ్లు వీటిని కలిపి ఉల్లంకులు అంటారు. జాగ్రత్తగా చూస్తే అందులో పది పన్నెండు జాతులుంటాయి. పొడవాటి ఎర్రకాళ్లతో నల్లరెక్కల స్టిల్ట్, కొడవలిలా కిందికి వంగిన ముక్కుతో విమ్‌బ్రెల్, పొడవాటి నిటారు ముక్కుతో గాడ్‌విట్, ఎర్రకాళ్ల ఉల్లంకి, ఇసుక రంగు ప్లవర్లు, అన్నిటికంటె చిన్నదైన స్టింట్. ఆ స్టింట్ బరువు పాతిక గ్రాములకు అటూ ఇటూ. అంటే మన కోడిగుడ్డులో సగం.

ఆ సగం గుడ్డంత పిట్ట ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉండే మంచు నేలల్లో పుట్టి, అక్కడ చలి మొదలవగానే బయలుదేరి మన పర్రకు వస్తుంది. ఎర్రకాళ్ల ఉల్లంకి లడఖ్‌లోను, మధ్య ఆసియాలోను గుడ్లు పెడుతుంది. వీటిలో చాలా జాతుల్లో పెద్దవి ముందుగా బయలుదేరి వచ్చేస్తాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు వారాల తరువాత, తల్లిదండ్రులు తోడు లేకుండా, ఎన్నడూ చూడని దారిన బయలుదేరతాయి. 2022లో అలాస్కా నుండి బయలుదేరిన ఒక గాడ్‌విట్ పిల్ల వయస్సు సుమారు అయిదు నెలలు. దాని వీపు మీద చిన్న ట్రాన్స్‌మీటర్ ఉంది గనుక లెక్క తెలిసింది. 11 రోజులు ఎక్కడా వాలకుండా, తినకుండా, 13,560 కిలోమీటర్లు ఎగిరి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో దిగింది. పక్షులు తమ రాకపోకల కాలం ఎరుగునన్న సంగతిని యిర్మీయా తన గ్రంథం 8వ అధ్యాయంలో ప్రస్తావించాడని మీకు తెలుసు. ఆయన చూసింది కొంగలను, పావురాలను. ఈ స్టింటును కూడా చూసి ఉంటే ఏమనేవాడో అనుకుంటూ ఉంటాను.

ఈ ప్రయాణానికి పెట్రోలు వాటి ఒంట్లో కొవ్వు. ఆ కొవ్వు తయారయ్యేది బురదలోని పురుగుల నుండి, చిన్న గుల్లల నుండి, పీత పిల్లల నుండి. పొట్టి ముక్కు పిట్ట పైపైన ఏరుకుంటుంది. పొడుగు ముక్కు పిట్ట లోతున వెతుకుతుంది. అందుచేత ఒకే బురదలో పది జాతులు తగవు లేకుండా తింటాయి. పోటు వచ్చి బురదను కప్పేస్తే తిండి బందు. గట్ల మీద, మెరక దిబ్బల మీద ఒంటికాలిపై నిలబడి, పాటు మొదలయ్యేదాకా ఎదురు చూడాలి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అంటే వాటి తిండివేళలు మన భోజనాల్లాగా గడియారంతో రావు, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇది తెలియక నేను చేసిన పని ఒకటి ఉంది.

1994లో ఫోటో స్టూడియో ఉన్న ఒక స్నేహితుని దగ్గర కెమెరా అరువు తెచ్చుకొని, 36 ఫోటోల రీలు ఒకటి వేయించుకొని, దసరా సెలవుల్లో పర్రకు వెళ్లాను. వెంట మా బడి పిల్లలు నలుగురు. నేను దగ్గరకు వెళితే పిట్టలు నడుచుకుంటూ దూరం జరిగేవి. ఇంకొంచెం వెళితే ఎగిరి అవతలి పాయకు పోయేవి. ఇలా కాదని పిల్లల్ని అటు పక్కకు పంపి, చప్పట్లు కొట్టి గుంపునంతా నా మీదుగా లేపమన్నాను. ఆకాశం నిండా పిట్టలు! రీలు మొత్తం అయిపోయింది. మళ్లీ మళ్లీ లేపించాను, ఆరేడు సార్లు ఉంటుంది.

పక్కనే పాయలో వల సరిచేసుకుంటున్న ఒక పెద్దాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు. చివరకు వల వదిలి గట్టెక్కాడు.

"మాస్టారూ, ఆటిని లేపమాకండి. తింటన్నాయి గదా."

"ఫోటో కోసమండి, మళ్లీ వాలతాయిలే," అన్నాను.

"వాలతాయండీ. ఈలోపు పోటొచ్చుద్ది. అప్పుడేం తింటాయి?"

నా దగ్గర సమాధానం లేదు. పిల్లల ముందు కాస్త చిన్నతనంగా కూడా అనిపించి, "సరే పదండ్రా" అని వచ్చేశాను. విజయవాడలో రీలు కడిగించి చూస్తే 36 ఫోటోల్లోను తెల్లటి కాగితం మీద మినుములు చల్లినట్టు ఉంది. ఏది ఏ పిట్టో ఎవరూ చెప్పలేరు. డబ్బు దండగ అని నా భార్య అన్నది. నిజమే. కాని ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నే ఎక్కువ కాలం నన్ను వదల్లేదు.

తరువాత సంవత్సరాల్లో నేను నేర్చుకున్నది ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. పిట్ట దగ్గరకు మనం వెళ్లకూడదు, పోటు దాన్ని మన దగ్గరకు తీసుకొస్తుంది.

మొన్న అక్టోబరులో విజయవాడ నుండి మా మేనల్లుడు వచ్చాడు. ఉద్యోగంలో చేరి, మొదటి ఏడాది బోనసుతో ఒక డిజిటల్ కెమెరా, మోచేతి పొడవు లెన్సు కొన్నాడు. ఇంతకుముందు గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు వెళ్లి ఎర్రకాళ్ల కొంగలను, గూడబాతులను తీశాడు. కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డున ఆటపాకలోనూ తీశాడు. బాగా వచ్చాయి. కొంగలు, గూడబాతులు పెద్దవి, గూళ్ల దగ్గర కదలకుండా కూర్చుంటాయి, మనుషుల రాకపోకలకు అలవాటు పడ్డాయి. పిల్లలతో కుటుంబంగా వెళ్లదలచినవారికి నేనూ ఆ రెండు చోట్లే చెబుతాను. పర్ర పిట్టల సంగతి అలా కాదు.

మడ అడవుల్లో పెద్ద భాగం 1989 నుండి కృష్ణా అభయారణ్యంగా ఉన్నది గనుక లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మేము లోపలికి పోలేదు. ఊరి పొలాల అంచున, పోటు నీరు వచ్చే ఒక పాయ పక్కనే కూర్చున్నాం. పోటు సంగతి వలకు వెళ్లేవారిని ముందురోజే అడిగి తెలుసుకున్నాను. పౌర్ణమి దగ్గర పడింది గనుక పోటు పెద్దదే వస్తుందన్నారు. నీళ్లు ఏ దిబ్బను ఆఖరున కప్పుతాయో చూసుకొని, దానికి ముప్పై గజాల దూరంలో, చీకటి ఉండగానే చేరుకున్నాం. తూర్పుకు వీపు పెట్టుకున్నాం. వెలుగు మన వెనుక నుండి వచ్చి పిట్ట మీద పడాలి, లేకుంటే 1994 మినుములే మళ్లీ వస్తాయి.

మా వాడు తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. మార్పించాను. బురద రంగు పాత దుప్పటి ఒకటి ఇద్దరి మీదా కప్పాను. నిలబడి తీస్తే పిట్ట కింద బురదే కనిపిస్తుంది, మనిషి ఆకారం దానికి దడ పుట్టిస్తుంది. అందుకని గోనె సంచి పరచి బోర్లా పడుకోబెట్టాను. కెమెరా పిట్ట కళ్ల ఎత్తులో ఉండాలి.

"మావయ్యా, ఇంకా ఎంతసేపు?"

"పోటు వచ్చేదాకారా."

"నా మోచెయ్యి తిమ్మిరెక్కింది."

"పదమూడు వేల కిలోమీటర్లు రెక్కలాడించిన పిల్ల గూర్చి రాత్రి చెప్పాను గదా."

వాడు ఏమీ అనలేదు. దోమలు మాత్రం చాలా అన్నాయి.

గంట గడిచాక నీరు పాయలోనుండి నాలుకలా బురద మీదికి పాకడం మొదలుపెట్టింది. దూరంగా తింటున్న పిట్టలు నీటికి ముందు అడుగులు వేస్తూ, తింటూ, అడుగులు వేస్తూ మా వైపు రాసాగాయి. ముందు ప్లవర్లు, తరువాత స్టింట్లు. ఒక స్టింట్ మా దుప్పటికి పది అడుగుల దూరంలోకి వచ్చి, బురదలోనుండి దారమంత పురుగును లాగి, తెగకుండా మెల్లగా సాగదీసి మింగింది. మా వాడు ఊపిరి బిగబట్టాడు. ఏ పిట్టా ఎగరలేదు. దిబ్బ మీద నలభై యాభై పిట్టలు చేరి, ఒంటికాలిపై నిలబడి, ముక్కులు రెక్కల్లో దాచుకున్నాయి. మేము కూడా వాటితో పాటు పాటు మొదలయ్యేదాకా అలాగే పడుకున్నాం. ముందే లేచి వస్తే అవి ఎగిరిపోతాయి గదా! ఫోటో అయిపోయింది గనుక లేచి దులుపుకొని రావడం అన్నది అసలు పని తెలియనివారు చేసేది.

కెమెరా ఉన్నవారి కొరకు రెండు మాటలు. తెల్ల కొంగను తీసేటప్పుడు కెమెరా చెప్పిన దానికంటే వెలుగు కొంచెం తగ్గించుకోండి, లేకపోతే ఈకలన్నీ సున్నం కొట్టిన గోడలా వస్తాయి. నడిచే పిట్టకు సెకనులో 500వ వంతు, ఎగిరే పిట్టకు 2000వ వంతు వేగం పెట్టుకోవాలి. ఇక కెమెరాకంటే ముఖ్యమైనది, పర్రలో ఊబి ఉంటుంది. దారి తెలిసినవారు తోడు లేకుండా దిగవద్దు. నీరు వెనుక నుండి కూడా వస్తుంది, తిరిగి వచ్చే గట్టు ఏదో ముందే చూసుకోండి. వాయుగుండం కబురు ఉన్న రోజున ఆ వైపే వెళ్లవద్దు. 1977 నవంబరు 19 మనకు చాలు.

తిరుగు దారిలో జరిగినది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను.

మేము వస్తున్నది రొయ్యల చెరువుల గట్ల మీదుగా. చెరువుల పైన ఈ గట్టు నుండి ఆ గట్టుకు సన్నని నైలాను దారాలు వరుసగా లాగి ఉంటాయి. కాకులు, కొంగలు వాలకుండా అన్నమాట. ఒక చెరువు మీద, దారానికి ఎర్రకాళ్ల ఉల్లంకి ఒకటి వేలాడుతున్నది. ఒక రెక్క చుట్టుకుపోయింది. ఇంకా ప్రాణం ఉంది. మా వాడు వెంటనే కెమెరా ఎత్తాడు.

"ముందు విడిపించరా!"

"ఒక్క ఫోటో మావయ్యా. ఇది నలుగురూ చూడాలి. ఆ దిబ్బ మీద ఫోటోలకంటే ఇదే ముఖ్యం."

వాడి మాటలో న్యాయం లేదనలేను. ఒకటి తీశాడు. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ అర నిమిషం నాకు కోపం వచ్చిన మాట వాస్తవం. తరువాత వాడే మోకాటిలోతు నీళ్లలోకి దిగి, దారం పట్టి వంచి, పిట్టను గట్టుకు తెచ్చాడు. కండువా దాని తల మీద కప్పితే గింజుకోవడం మానింది. బ్లేడుతో ఒక్కొక్క చుట్టూ కోశాను. రెక్క విరగలేదు, తోలు కాస్త కోసుకుపోయింది. నేల మీద పెట్టి దూరం జరిగాం. చాలాసేపు కూర్చుంది. లేచి నాలుగడుగులు వేసి, ఎగిరి పర్ర వైపు పోయింది. ఎంత దూరం పోయిందో, మళ్లీ లడఖ్ చూస్తుందో లేదో తెలియదు.

"ఎవరిదీ చెరువు?" అని అడిగాడు మా వాడు.

నాదే. మూడెకరాలు. మా నాన్నగారి నుండి వచ్చిన భూమి. ఒకప్పుడు చౌడు వరి పండేది. 90వ దశకంలో అందరితో పాటు నేనూ తవ్వించి టైగర్ రొయ్య వేశాను. రెండో పంటకే తెల్లమచ్చల జబ్బు వచ్చి మొత్తం పోయింది. ఆ అప్పు తీర్చడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఆ తరువాత చాలాకాలం బీడుగానే ఉంది. 2009 తరువాత వనామీ రొయ్య వచ్చాక కౌలుకు ఇచ్చాను. ఆ కౌలు డబ్బులు మా ఇంట్లో దేనికి వాడామో నాకు తెలుసు, మా అమ్మాయి నర్సింగ్ ఫీజుతో సహా. పాఠకులకు పిట్టల గూర్చి రాసే మనిషి తన చెరువు మీద ఏముందో ఏళ్ల తరబడి చూసుకోలేదు. దారాలున్నాయని తెలుసు. పిట్ట వేలాడుతుందని ఆలోచించలేదు.

కౌలుదారుడు కుర్రవాడు, మంచివాడు, నా దగ్గర చదువుకున్నవాడే. ఆ సాయంత్రం కాపలా గుడిసెకు వెళ్లి ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు.

"నాకూ బాధే మాస్టారూ. కాని దారం తీసేయమంటే ఎట్టా? పక్క చెరువులో జబ్బొచ్చి చచ్చిన రొయ్యని కాకి ఎత్తుకొచ్చి నా చెరువులో పడేసిందనుకోండి, నా పంట పోద్ది. మీకు తెలవందా?"

తెలియకేం! దారాలు కట్టమని వనామీ సాగు నిబంధనల్లోనే ఉంది. జబ్బు అంటే ఏమిటో నా ఆరేళ్ల అప్పుకు తెలుసు. అందుచేత తీసేయమని నేను అనలేదు. అసలు ఇబ్బంది ఎక్కడంటే, ఆ దారం గాలపు దారమంత సన్నం, వేకువ చీకట్లో పిట్టకు కనిపించదు. కాకి పగలు చూసి తప్పుకుంటుంది. ఉల్లంకి పోటును బట్టి రాత్రి పూట కూడా తిరుగుతుంది, అది చూడలేదు. కాబట్టి దారం కనిపించేటట్టు చేస్తే ఎలా ఉంటుందని అడిగాను. సన్న నైలాను బదులు లావుపాటి తెల్లతాడు, దానికి జానెడు జానెడు దూరంలో మెరిసే రిబ్బను ముక్కలు. మా మేనల్లుడు ఆ ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడు.

రెండో సంగతి మరీ ముఖ్యం. పంట పట్టేటప్పుడు చెరువు నీళ్లు వదిలేస్తారు. అడుగు బురద బయటపడుతుంది. అందులో మిగిలిన పురుగుల కోసం స్టిల్టులు, ఉల్లంకులు ఒక్కసారిగా దిగుతాయి. పర్రలు తగ్గిపోతున్న చోట వాటికి ఆ రెండు మూడు రోజులు పెద్ద విందు. రొయ్య చెరువులో లేదు గనుక అప్పుడు దారాలతో పనే లేదు. కాని ఎవరూ విప్పరు, మళ్లీ కట్టుకోవాలి గదా అని. ఆ మూడు రోజులే ఎక్కువ పిట్టలు చిక్కుకునేది.

అతను లెక్క వేసుకున్నాడు. కూలీ ఎంత, తాడు ఎంత. చివరకు, "రెండు వైపులకు తాడు మారుద్దాం మాస్టారూ. మిగతా రెండు వైపులా పంట చూసుకొని. నీళ్లు వదిలే ముందు మాత్రం దారాలు నేనే విప్పిస్తా," అన్నాడు. కౌలులో కొంత తగ్గించమని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడినో ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలియదు.

పక్క చెరువుల వారితో కూడా మాట్లాడాను. ఒకరు నవ్వారు. ఒకరు ముందు మీ చెరువులో ఎలా ఉంటుందో చూస్తామన్నారు. అదీ న్యాయమే.

మా మేనల్లుడు విజయవాడ వెళ్లి రెండు ఫోటోలు పెద్దవి చేయించి పంపాడు. పురుగును సాగదీస్తున్న స్టింటు మా వసారాలో ఉంది. రెండోది నేను ఇంట్లో పెట్టుకోలేకపోయాను. దాన్ని కౌలుదారుడే అడిగి తీసుకెళ్లాడు. కాపలా గుడిసెలో, మేత లెక్కల కాగితాల పక్కన మేకు కొట్టి తగిలించాడు. ఇద్దరు కూలివాళ్లు దాన్ని చూసి, ఇట్లాంటివి తాము కూడా చాలాసార్లు విప్పామని, కొన్ని అప్పటికే చచ్చి ఉండేవని చెప్పారట.

కార్తీక పౌర్ణమి దాటిన వారంలో చెరువు పడతారు. దారాలు విప్పే రోజున నన్ను కూడా రమ్మన్నాడు. గోనె సంచి, దుప్పటి సర్దిపెట్టుకున్నాను. మా వాడు సెలవు దొరికితే శనివారం రాత్రి చివరి బస్సుకు వస్తానన్నాడు. దోమలకు ఈసారి వేపనూనె కూడా తెస్తాడట.